సోమవారం మిషన్లు

మా దగ్గరికి రిపేరుకు వచ్చే మిషన్లు వారమంతా ఒకే లెక్కన రావు. సోమవారం పొద్దున వచ్చేవి ఎక్కువ. సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేటులో మేం షట్టర్ ఎత్తేసరికే ఇద్దరు ముగ్గురు మీటర్ రీడర్లు బండ్ల మీద కూర్చుని ఉంటారు. మెడలో ఐడీ కార్డు, భుజాన సంచి, సంచిలో మిషన్. అందరిదీ దాదాపు ఒకటే మాట: "అన్నా, శనివారం సాయంత్రం ఫుల్ చార్జింగ్ ఉండంగ బంద్ చేసిన. ఇయ్యాల పొద్దుగాల చూస్తే దీపం కూడ వస్తలేదు. బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది ఏస్తవా?"

చాలాసార్లు బ్యాటరీ నిక్షేపంలా ఉంటుంది. చెడింది మిషన్ నిద్ర.

నా పని చేతిలో పట్టుకుని తిరిగే చిన్న కంప్యూటర్లతో. ఇంటింటికీ వెళ్లి కరెంటు బిల్లు కొట్టే స్పాట్ బిల్లింగ్ మిషన్లు, రేషన్ షాపుల్లో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్లు, గోదాముల్లో బార్‌కోడు చదివేవి, ఎప్పుడైనా టికెట్ మిషన్లు. బోర్డు బాగుచేయడం సగం పని, లోపలి ప్రోగ్రాం రాయడం మిగతా సగం. పాలిటెక్నిక్ అయ్యాక అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేశాను. మైత్రీవనం దగ్గర చేతుల్లో కుక్కే కరపత్రాల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులదే రాజ్యం. ఎంబెడెడ్ ఏ అడుగునో చిన్నక్షరాల్లో ఉండేది. 8051 చిప్పు మీద దీపం వెలిగించడం, మోటారు తిప్పడం, ఎల్‌సీడీ మీద మన పేరు రాయడం నేర్పారు. ఆ చిప్పును నిద్రపుచ్చడం మాత్రం ఎవరూ నేర్పలేదు. క్లాసులో బోర్డు ఎప్పుడూ గోడ ప్లగ్గుకే ఉంటుంది, దానికి నిద్రతో పనేముంది?

బ్యాటరీ మీద నడిచే వస్తువు చేతికొచ్చాకే అసలు పాఠం మొదలైంది. మీటర్ రీడర్ ఒక ఇంటి బిల్లు కొట్టడానికి నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత మెట్లు దిగాలి, పక్కింటి గేటు కొట్టాలి, కుక్కను పట్టుకునేదాకా ఆగాలి. సాయంత్రం తర్వాత రాత్రంతా మిషన్ సంచిలోనే. ఆదివారం సెలవు. మొత్తం మీద మిషన్ ఊరికే ఉండే సమయమే ఎక్కువ. పనిలో ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతుందో అమ్మేవాళ్లు కాగితం మీద గొప్పగా చూపిస్తారు. ఊరికే ఉన్నప్పుడు ఎంత తాగుతుందో అడిగితే పక్క పేజీ తిప్పుతారు.

ఎర్ర బటన్ నొక్కితే తెర నల్లబడుతుంది. వాడేవాళ్ల దృష్టిలో మిషన్ బంద్ అయిపోయింది. లోపల మాత్రం రెండు వేర్వేరు సంగతులు జరిగి ఉండొచ్చు. మొదటిది సస్పెండ్: ప్రాసెసర్ గడియారం ఆగిపోతుంది, తెరకు, ప్రింటరుకు సరఫరా తెగుతుంది. మెమరీకి మాత్రం ప్రాణం నిలిచేంత కరెంటు అందుతూ ఉంటుంది. అందుకే మళ్లీ బటన్ నొక్కగానే ఆపిన ఇంటి నంబరు దగ్గరే తెర తెరుచుకుంటుంది. రెండోది నిజమైన పవరాఫ్: మెమరీకి కూడా సరఫరా పోతుంది, ఒక్క గడియారం చిప్పు తప్ప ఏదీ మెలకువలో ఉండదు. మళ్లీ లేవాలంటే మొదటి నుంచి బూట్ కావాలి, దానికి అరనిమిషమో ఇంకా ఎక్కువో పడుతుంది. ఎండలో గేటు బయట నిలబడ్డవాడికి అరనిమిషం చాలా పెద్దది. అందుకని దాదాపు అన్ని మిషన్లలోనూ బటన్ ఒకసారి నొక్కితే సస్పెండ్, కాసేపు అదిమి పట్టుకుంటే పవరాఫ్ అని పెడతారు. ఈ తేడా మాన్యువల్లో ఎక్కడో ఉంటుంది. మాన్యువల్ ఆఫీసు బీరువాలో ఉంటుంది.

ఇప్పుడు సోమవారం లెక్క చూద్దాం. బ్యాటరీ 2000 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకుందాం. సస్పెండ్‌లో మిషన్ 4 మిల్లీ ఆంపియర్లు తాగితే 500 గంటలు, అంటే దాదాపు 21 రోజులు పడుకుంటుంది. అదే 50 తాగితే 40 గంటలే. శనివారం సాయంత్రం 6 గంటలకు నొక్కి సంచిలో పెడితే సోమవారం పొద్దున 10 గంటలకు 40 గంటలు నిండుతాయి. మంగళవారమో బుధవారమో ఈ జబ్బు బయటపడదు, ఎందుకంటే రాత్రి చార్జింగ్ పెట్టినవాడికి పొద్దున ఏ లోటూ కనబడదు. ఆదివారం ఊరెళ్లి, చార్జర్ ఇంట్లో మరిచినవాడి దగ్గరే బయటపడుతుంది.

ఆ 50 మిల్లీ ఆంపియర్లు ఎక్కడ కారిపోతున్నాయో పట్టుకోవడమే నా సగం జీవితం. చూడటానికి తేలిక, బ్యాటరీకీ బోర్డుకీ మధ్య మల్టీమీటర్ పెడితే చాలనిపిస్తుంది. పెట్టి చూడండి. మైక్రో ఆంపియర్ల రేంజిలో పెడితే మీటర్ లోపలున్న నిరోధకం వల్ల మిషన్ అసలు లేవనే లేవదు. లేచేటప్పుడు అది వందల మిల్లీ ఆంపియర్లు అడుగుతుంది, మీటర్ అంత పోనివ్వదు, వోల్టేజి పడిపోయి రీసెట్ అవుతుంది. అందుకని మీటర్ రెండు వైర్ల మధ్య ఒక జంపర్ తీగ వేసి మిషన్ ఆన్ చేయాలి, పూర్తిగా పడుకున్నాక జంపర్ మెల్లగా తీయాలి. అప్పుడు అంకె నిలకడగా కనిపిస్తుంది. మధ్యలో మిషన్ తనంతట తాను లేచిందా, మళ్లీ మొదటికే. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను ముందు నేర్పేది సోల్డరింగ్ కాదు, ఈ జంపర్ తీయడమే.

కారేచోట్లు కొన్నిటికి మామూలు బుద్ధి అందదు. ఒక బ్యాచ్ మిషన్లలో ప్రింటరుకు సరఫరా బాగానే తెగేది, అయినా ప్రింటర్ చిప్పు గోరువెచ్చగా ఉండేది. ప్రాసెసర్ నుంచి దానికి వెళ్లే సిగ్నల్ కాలు నిద్రలో కూడా హై స్థితిలోనే మిగిలిపోవడం కారణం. సరఫరా కాలు మూసేస్తే సిగ్నల్ కాలులోంచి, రక్షణ కోసం పెట్టిన డయోడ్ గుండా, కరెంటు లోపలికి వెళ్లి చిప్పును సగం ప్రాణంతో ఉంచుతోంది. నిద్రకు ముందు ఆ కాలును లో స్థితికి దించే ఒక్క లైను ప్రోగ్రాంలో చేరిస్తే సరిపోయింది. బ్యాటరీలు మాత్రం అప్పటికే సంచులకొద్దీ మార్చేసి ఉన్నారు.

ఇంకోసారి వచ్చినవి ఇంట్లోనే లేచే మిషన్లు. మా బల్ల మీద వారమైనా హాయిగా పడుకునేవి, రీడర్ ఇంట్లో గోడకు తగిలిస్తే తెల్లారేసరికి ఖాళీ. కొన్ని మీటర్లకు ముందువైపు ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటుంది, మిషన్‌కు కూడా ఒక కన్ను ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెడితే రీడింగ్ దానంతటదే వచ్చేస్తుంది. ఆ మిషన్లలో కంటికి వెలుగు తగిలినా లేవాలని ఎవరో పెట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, మిషన్ కంటికి అది ఎవరో పిలిచినట్టే. గోడ మీద ట్యూబులైటుకు ఎదురుగా తగిలించిన మిషన్ సాయంత్రమంతా లేస్తూ, ఎవరూ మాట్లాడకపోయేసరికి పడుకుంటూ, మళ్లీ లేస్తూ గడిపింది. మిషన్‌ను నిద్రలేపే హక్కు దేనికి ఇవ్వాలన్నది అప్పటి నుంచీ నేను ప్రతి ప్రాజెక్టులోనూ మొదటి రోజే అడిగే ప్రశ్న. పవర్ బటన్‌కా, చార్జర్‌కా, మోడెమ్‌కా, గడియారానికా? జాబితాలో ఒక్కొక్క పేరు చేర్చినకొద్దీ బ్యాటరీలోంచి కొన్ని గంటలు తీసేసుకున్నట్టే.

ఆ జాబితాలో నేను ఎప్పుడూ కొట్టివేయనిది గడియారం. దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

బోర్డు మూలన బియ్యపుగింజ కంటే కాస్త పొడవున్న వెండిరంగు గొట్టం ఉంటుంది. అది క్వార్ట్‌జ్ స్ఫటికం, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను రెండుతో పదిహేను సార్లు భాగిస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే సెకను. క్వార్ట్‌జ్ చేతివాచీల్లోనూ ఇదే స్ఫటికం. మా వీధిలో టీ తాగడానికి వచ్చే ఒక పెద్దాయన హైదరాబాద్ ఆల్విన్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1942లో మొదలైన ఆ కంపెనీ ఫ్రిజ్‌లు చేసింది, బస్సు బాడీలు కట్టింది, 1980ల్లో జపాన్ సీకో సహకారంతో వాచీలు కూడా చేసింది. ఆయన మా బల్ల మీది బోర్డును కళ్లద్దాలు పైకెత్తి చూసి, "ఇంత పెద్ద మిషన్‌ల మా వాచీ పెట్టుకున్నరు గద బిడ్డా" అంటారు. ఆయన మాటలో తప్పేం లేదు. మిగతాదంతా పడుకున్నప్పుడు మేలుకుని ఉండేది ఆ వాచీ ఒక్కటే.

దానికి తిండి ఒక బటన్ సెల్లు. సీఆర్2032 అని గుండ్రటి బిళ్ల, దాదాపు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. గడియారం చిప్పు తాగేది అర మైక్రో ఆంపియర్ అనుకుంటే, కాగితం మీద భాగహారం చేస్తే 50 ఏళ్లు రావాలి. అంతకాలం సెల్లే బతకదు, అది దానంతటదే పదేళ్లలో అరిగిపోతుంది. మా దగ్గరికి వచ్చేవి మూడు నాలుగేళ్లకే చచ్చి ఉంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో సగం ధరకు దొరికే సెల్లు ఒక కారణం. బోర్డు మీద కడగకుండా వదిలేసిన ఫ్లక్స్ మరక రెండో కారణం. వానాకాలం తేమ పట్టగానే ఆ మరకే ఒక సన్నని దారి అవుతుంది, దాని గుండా చిప్పు తాగేదానికి ఎన్నో రెట్లు కారిపోతుంది. రిపేరు చేసిన బోర్డు మెరవాలని కస్టమర్‌కు చూపించుకోవడానికి మేం కడగడం లేదు, ఆ సెల్లు కోసం కడుగుతాం.

స్ఫటికం కూడా దేవుడేం కాదు. మామూలు రకానికి పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటుంది, అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాట. వేడికి ఇంకొంచెం. 25 డిగ్రీల దగ్గర ఈ వేడి తేడా ఉండదు. అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుందే తప్ప వేగం పెరగదు. మే నెలలో బండి డిక్కీలో 45 డిగ్రీల్లో ఉన్న మిషన్ ఆ వేడి వల్లే రోజుకు సెకను పైన వెనకబడుతుంది. బిల్లు కొట్టే పనికి ఇది పట్టించుకోదగ్గ తేడా కాదు. నెట్‌వర్కు దొరికినప్పుడల్లా సరిదిద్దుకుంటే అయిపోతుంది. ఇంతకంటే ఖచ్చితం కావాలంటే వేడిని తనే కొలుచుకుని సరిచేసుకునే డీఎస్3231 లాంటి చిప్పులున్నాయి. ధర విన్నాక కస్టమర్ 50 సెకన్లతో సర్దుకుపోతాడు.

ఈ గడియారం చిప్పులో అలారం రిజిస్టర్లుంటాయి. నిమిషం, గంట, తేదీ అందులో రాసిపెడితే, ఆ ఘడియ రాగానే చిప్పు ఒక కాలును కిందికి లాగుతుంది. ఆ కాలు ప్రాసెసర్‌కో, సరఫరా చూసుకునే పవర్ చిప్పుకో కలిపి ఉంటే మిషన్ లేస్తుంది. వినడానికి ఇంతే. ఇందులో రెండు గోతులు ఉన్నాయి, ఈ పనిలో ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వాటిని చూస్తాడు.

ఒకటి, లాగిన కాలు దానంతటది పైకి రాదు. అలారం మోగిందన్న జెండా చిప్పులో అలాగే నిలబడి ఉంటుంది, ప్రోగ్రాం వెళ్లి దించాలి. దించకపోతే మిషన్ పడుకోబోతుంది, కాలు కిందనే ఉంది కాబట్టి వెంటనే లేస్తుంది, మళ్లీ పడుకోబోతుంది. తెర ఆరే ఉంటుంది గనుక బయటివాడికి పడుకున్నట్టే కనిపిస్తుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

రెండోది ఇంకా కొంటెది. నిమిషం తర్వాత లేపమని అలారం రాశాం అనుకోండి. పడుకునే ముందు ఫైళ్లు దాచాలి, ప్రింటర్ ఆపాలి, మోడెమ్‌కు చెప్పాలి. ఈలోగా మోడెమ్ మొండికేసి నిమిషం తినేసింది. అలారం మోగింది, అప్పటికి మిషన్ ఇంకా మెలకువగానే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మిషన్ పడుకుంది. ఇక దాన్ని లేపేవాడు లేడు. ఆఖరి ఎంఎంటీఎస్ వెళ్లిపోయాక సనత్‌నగర్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని రైలు కోసం చూస్తున్నట్టే. దీనికి మందు వరస మార్చడమే: మిగతా పనులన్నీ అయ్యాకే అలారం రాయాలి, రాసింది తిరిగి చదివి చూడాలి, పడుకునే దారిలో అలారం మోగితే ఆ నిద్ర రద్దు కావాలి. లినక్స్ వాళ్లు కూడా 2010లో ఈ చిక్కు కోసమే నిద్రలేపే సంఘటనలను లెక్కపెట్టే పద్ధతి తెచ్చారు: నిద్రకు సిద్ధమైనప్పుడు ఉన్న లెక్క, పడుకోబోయేటప్పటి లెక్క ఒకటే కాకపోతే నిద్ర లేదు. ఇంత పెద్ద వ్యవస్థ కూడా ఇంత చిన్న సందులో జారిందని తెలిశాక నాకు కొంత ధైర్యం వచ్చింది.

అలారంతో నేను చేయించే అసలైన పని ఎవరి కంటికీ కనబడదు. సస్పెండ్‌లో ఉన్న మిషన్‌ను గంటకోసారి లేపి, తెర వెలిగించకుండా, బ్యాటరీ ఎంతుందో చూడమంటాను. కావలసినంత ఉంటే మళ్లీ పడుకుంటుంది. అడుగంటుతుంటే మెమరీలో ఉన్నదంతా శాశ్వత నిల్వలోకి రాసేసి నిజంగా పవరాఫ్ అవుతుంది. ఇది లేని మిషన్ నిద్రలోనే ప్రాణం వదులుతుంది, సగం రాసిన బిల్లులతో సహా. పాత విండోస్ సీఈ గోదాము మిషన్లు ఇంకా ఘోరం. 2000 సంవత్సరం నాటి కాంపాక్ ఐప్యాక్ లాంటి చేతి కంప్యూటర్లలో ఫైళ్లు, తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు ఉండేది కూడా మెమరీలోనే. బ్యాటరీ, దానికి ఆసరాగా ఉండే చిన్న సెల్లు రెండూ అయిపోతే కొన్న రోజున ఎలా ఉందో అలా తయారయ్యేది. 2005లో వచ్చిన విండోస్ మొబైల్ 5తో గాని ఆ బాధ తీరలేదు. ఇప్పటికీ అలాంటి పాత మిషన్ ఒకటి ఎవరో ఒకరు తెచ్చి "అంతా తుడుచుకుపోయింది సార్" అంటే, బీరువాలోంచి పాత సీడీ తీస్తాను.

తేదీ చెడిపోయిన మిషన్‌ను నేను బోర్డు విప్పకుండానే చదవగలను, స్లిప్పు చాలు. 01-01-1970 ఉదయం 05:30 అని పడితే అది లినక్స్ మీద నడిచే మిషన్. ఆ వ్యవస్థ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది, లెక్క సున్నా అయితే గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రి, మనకు పొద్దున ఐదున్నర. 01-01-2000 00:00 అని పడితే గడియారం చిప్పు మొదటికి వచ్చింది, అంటే బటన్ సెల్లు పోయింది. రెండూ కాక ఏ 2019లోనో ఏదో పిచ్చి తేదీ ఉంటే అది ప్రమాదకరమైన రకం, ఎందుకంటే చూడటానికి నిజంలా ఉంటుంది. పీసీఎఫ్8563 లాంటి చిప్పులో సెకన్ల రిజిస్టరుకే ఒక చిన్న జెండా ఉంటుంది: వోల్టేజి పడిపోయింది, ఈ సమయానికి నాది పూచీ కాదు అని చిప్పే చెబుతుంది. ఆ జెండాను చూడకుండా సెకన్లు మాత్రం తీసుకునే ప్రోగ్రాములు లెక్కలేనన్ని.

ఈ చాదస్తం దేనికని కుర్రాళ్లు అడుగుతారు. కరెంటు బిల్లులో రీడింగుకూ రీడింగుకూ మధ్య ఎన్ని రోజులన్నది ముఖ్యం. రోజులు పెరిగితే యూనిట్లు పెరుగుతాయి, స్లాబు మారుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. 198 దగ్గరున్న ఇంటికి రెండు రోజులు ఆలస్యంగా వెళితే ఏమవుతుందో ఊహించుకోండి. గేటు దగ్గర ఆ ఇంటావిడ ముందు చూసేది స్లిప్పు మీది తేదీనే. తేదీ తప్పయితే ఆమెకు జవాబు చెప్పాల్సినవాడు ప్రోగ్రాం రాసిన నేను కాదు, మిషన్ పట్టుకున్న కుర్రాడు.

జీపీఎస్ నుంచి సమయం తీసుకునే మిషన్లకు ఇంకో తమాషా జరిగింది. జీపీఎస్ పాత పద్ధతిలో వారాలను 1,024 దాకానే లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి అలా వచ్చింది, రెండోసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి గ్రీనిచ్ లెక్కన. మనకు వికారి ఉగాది మర్నాడు పొద్దున ఐదున్నరకు. ముందుచూపు లేని రిసీవర్లు ఒక్కసారిగా పందొమ్మిదేళ్ల పైన వెనక్కి వెళ్లాయి. అలా వెనక్కి వెళ్లిన గడియారాన్ని నమ్మి, సెకన్ల లెక్కతో రేపు ఆరింటికి అని ముందే పెట్టుకున్న అలారం మోగాలంటే ఇంకో పందొమ్మిదేళ్లు ఆగాలి. పంచాంగ శ్రవణంలో ఎవరూ ఈ ముక్క చెప్పలేదు.

ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలు కొందరు ప్రాజెక్టు పని కోసం మా షెడ్డుకు వస్తారు. వాళ్ల ప్రశ్న ఎప్పుడూ ఫోను గురించే. "అన్నా, రాత్రి స్విచ్ఛాఫ్ చేసి పడుకుంటే పొద్దున అలారం కొట్టలేదు. మా నాన్న నోకియా ఆఫ్‌లో ఉన్నా కొట్టేది కదా?" కొట్టేది. ఆ ఫోన్లో అలారం కాలు పవర్ చిప్పుకు నేరుగా పోయేది, బూట్ అనేదే రెండు మూడు సెకన్ల పని, మోగాక ఫోను ఆన్ చేయమంటారా అని అడిగేది కూడా. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లో గడియారం చిప్పు లేకపోలేదు. కానీ దాన్ని పవరాఫ్ నుంచి లేపడానికి వాడాలా వద్దా అనేది తయారుచేసినవాడి ఇష్టం; కొన్ని చైనా కంపెనీల ఫోన్లు లేస్తాయి, చాలా ఫోన్లు లేవవు. లేచినా ఇంకో చిక్కు. ఫోను లోపలి నిల్వ తాళం వేసి ఉంటుంది, పిన్ కొడితే గాని తెరుచుకోదు. ఒకప్పుడు రాత్రి అప్‌డేట్ పడి ఫోను తనంతట తాను రీస్టార్ట్ అయితే, పిన్ కోసం ఎదురుచూస్తూ తెల్లారేదాకా మౌనంగా ఉండిపోయేది, అలారం ఆ తాళం వెనకే ఉండేది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7లో అలారంలాంటి కొన్నిటిని తాళం బయట ఉంచే ఏర్పాటు చేశారు. దానికి ముందు ఏడాది ఆండ్రాయిడ్ 6లో కదలకుండా పడి ఉన్న ఫోను గాఢనిద్రలోకి పోయే పద్ధతి వచ్చింది. అందులో మామూలు యాప్‌ల అలారాలు వాయిదా పడతాయి, ఖచ్చితంగా లేపమని ప్రత్యేకంగా అడిగినవే మోగుతాయి. ఆ పైన బ్యాటరీ ఆదా పేరుతో ఒక్కొక్క కంపెనీ యాప్‌లను చంపే తీరు ఒక్కొక్కటి.

పరీక్ష ఉన్న పిల్లవాడికి ఇదంతా ఎందుకు? ఆఫ్ చేయకు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, ఫోనుతో పాటు వచ్చిన గడియారం యాప్‌లోనే అలారం పెట్టు అని చెప్పి పంపుతాను. ఒకడు మాత్రం పంజాగుట్టలో రెండు వందలకు టేబుల్ గడియారం కొనుక్కున్నాడు. అందరిలో వాడే తెలివైనవాడు.

టికెట్ మిషన్ల సంగతి బిల్లింగ్ మిషన్లకు పూర్తిగా తలకిందులు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే మహిళలకు కూడా జీరో టికెట్ కొట్టాలి. కొట్టే టికెట్లు పెరిగాయి, కాగితం రోళ్లు పెరిగాయి. థర్మల్ ప్రింటర్ తల వేడెక్కే ఆ కొద్ది క్షణాల్లో బ్యాటరీ నుంచి ఒక్కసారిగా లాగుతుంది, పాతబడ్డ బ్యాటరీ అయితే టికెట్ మధ్యలోనే వోల్టేజి కుంగి మిషన్ రీసెట్ అవుతుంది. కాబట్టి ప్రయాణికుడికీ ప్రయాణికుడికీ మధ్య పడుకోబెట్టి ఆదా చేద్దామని మాలాంటివాళ్లం అనుకుంటాం. నాకు తెలిసిన కండక్టర్ ఒకాయన విని నవ్వారు. "నీ మిషన్ కండ్లు తెరిచే లోపల స్టేజీ దాటిపోతది సారూ. చెకింగోళ్లు ఎక్కితే నీకేం, నాకు మెమో." ఆయన చెప్పింది నిజం. అక్కడ గాఢనిద్ర పనికిరాదు, కునుకు చాలు: తెర మసకబారాలి, ప్రాసెసర్ నెమ్మదించాలి, వేలు పడగానే లేవాలి. లోతైన నిద్ర డిపోలో చార్జింగ్ స్టాండు మీద పోవచ్చు.

ఈ మధ్య వచ్చే ఆర్డర్లలో కొత్త కోరిక ఒకటి చేరింది. ఇప్పటి మిషన్లన్నీ ఆండ్రాయిడ్, అన్నిట్లో 4జీ సిమ్ము. ఒక గోదాము కంపెనీ వాళ్లు తమ కుర్రాళ్ల చేతుల్లో ఉండే మిషన్లు రాత్రి 2 గంటలకు వాటంతటవే లేచి, ఆ రోజు లెక్కలు సర్వరుకు పంపి, కొత్త ప్రోగ్రాం దించుకుని మళ్లీ పడుకోవాలన్నారు. సస్పెండ్‌లో ఉన్నవి లేస్తాయి, దాన్లో ఇబ్బంది లేదన్నాను. పూర్తిగా ఆఫ్ చేసినవి కూడా లేవాలన్నారు. సాంకేతికంగా అది కష్టం కాదు, అలారం కాలు పవర్ చిప్పుకు కలిపే ఉంది. అయినా వద్దన్నాను. మూసిన సంచిలో, బేస్‌మెంటులో, సిగ్నల్ దొరకని చోట లేచిన మోడెమ్ గట్టిగా అరుస్తూ వెతుకుతుంది, వేడెక్కుతుంది. మిషన్ ఆ వేళ ఆస్పత్రి వార్డులో ఉండొచ్చు, విమానం ఎక్కిన సూట్‌కేసులో ఉండొచ్చు. పైగా ఒక మనిషి కావాలని ఐదు సెకన్లు అదిమిపట్టి ఆపిన వస్తువు అతనికి తెలియకుండా లేవడం నాకు నచ్చదు. దీనికి పెద్ద సిద్ధాంతమేం లేదు, నచ్చదంతే.

వాళ్ల మేనేజరు, నేను రెండు టీల సేపు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. సస్పెండ్‌లో ఉండి, చార్జింగ్ స్టాండు మీద ఉన్న మిషన్లే రెండింటికి లేస్తాయి. బటన్ అదిమిపట్టి ఆఫ్ చేస్తే, పవర్ తెగేముందు ప్రోగ్రాం అలారం రిజిస్టర్లను తుడిచేస్తుంది. ఆ తర్వాత దాన్ని బటన్ తప్ప ఇంకేదీ లేపదు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన కింద సంతకం పెడుతూ ఆగి, "మరి దొంగ ఎత్తుకుపోయి ఆఫ్ చేస్తే?" అన్నాడు.

"దొంగ ఆఫ్ చేసినా ఆఫే సార్."

ఆ మాట మాత్రం కాగితంలో రాయొద్దని చెప్పి సంతకం పెట్టాడు.